తుఫాను షెల్టర్లో వియత్నాం క్లాసు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంగ్లీషు టీచర్లు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేసి, పాఠాలకు పనికొచ్చే మంచి వెబ్‌సైట్లు ఏవైనా చెప్పమంటారు. అడిగిన ప్రతిసారీ నాకు నవ్వొస్తుంది. నా సర్వీసులో ఎక్కువ భాగం నల్లబల్ల, సుద్దముక్క, నా గొంతు, ఈ మూడింటితోనే గడిచింది. జలుబు చేసిన రోజుల్లో మొదటి రెండే. ఇంటర్నెట్ నా ఉద్యోగంలోకి చివరి రోజుల్లో వచ్చింది. అదైనా సవ్యంగా వచ్చిందా అంటే లేదు, కొత్తల్లుడిలా మాటిమాటికీ అలుగుతూ వచ్చింది.

అయినా అడిగారు కాబట్టి చెప్తాను. సైట్ల పేర్లు మీకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పేది, వాటిలో ఒకదాని పుణ్యమా అని మా బళ్ళో జరిగిన ఒక గొడవ గురించి.

మా హైస్కూలు కోట అనే ఊరు దాటి సముద్రం వైపు పోయే దారిలో, ఒక పల్లెలో ఉండేది. ఊరి చుట్టూ రొయ్యల గుంటలు. పొద్దున లేచింది మొదలు నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు. నేను కోవూరు నుంచి బదిలీ మీద వచ్చినప్పుడు మొదటి వారం ఆ చప్పుడుకి తలనొప్పి పట్టుకుంది. తర్వాత అది ఉందో లేదో కూడా తెలియలేదు. ఊళ్ళో పిల్లలకైతే అసలే తెలియదు, పుట్టినప్పటి నుంచీ వింటున్నదే కదా.

మా బళ్ళో ఇంగ్లీషుకి ఇద్దరం. నేను, నాకంటే బాగా చిన్నదైన ఒక అమ్మాయి. ఆమెకు అదే మొదటి పోస్టింగు. ఆమె భర్త కోటలో రొయ్యల మేత కంపెనీలో పనిచేసేవాడు. ఇంకా బడి ఈడు రాని కూతురు ఒకతి. నన్ను ‘అక్కా’ అని పిలిచేది, నాకు ఆమె తల్లి వయసున్నా. ఆ పిలుపుకే నేను పడిపోయానేమో అని ఇప్పుడు అనుమానం.

హెడ్మాస్టరు గారు లెక్కల మనిషి. బుచ్చిరెడ్డిపాలెం వైపు వరి రైతుల కుటుంబం. ఆయనకి ప్రపంచంలో ప్రతిదీ వరి పైరే. పిల్లలు వెనకబడితే నారు ముదిరిందనేవారు, టీచర్లు సెలవడిగితే కోతల మీద సెలవేమిటనేవారు. మనసు మాత్రం వెన్న. ఆ వెన్న బయటికి కనపడకుండా జీవితాంతం జాగ్రత్తపడ్డారు.

బళ్ళో సిగ్నల్ ఉండేది కాదు. ఊరి చివర తుఫాను షెల్టర్ ఉంది, స్తంభాల మీద నిలబెట్టిన రెండంతస్తుల భవనం. దాని పైఅంతస్తుకెక్కితేనే ఫోన్లు పనిచేసేవి. మధ్యాహ్నం అన్నం తినగానే మేమిద్దరం ఫోన్లు పట్టుకుని అక్కడికి బయలుదేరేవాళ్ళం. దారిలో అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళు, టీచర్లకు పని లేక సముద్రం చూడ్డానికి పోతున్నారని నవ్వుకునేవారు. పైన మేం చేసేది డౌన్‌లోడు. ఎండలో కళ్ళు చికిలించుకుని, ఆ గీత నిండేదాకా అన్నం కుండ ముందు కూర్చున్నట్టు కూర్చునేవాళ్ళం.

మొదట్లో ఆ అమ్మాయి ఏది దొరికితే అది దించేది. ప్రపంచమంతా ఇంగ్లీషు నేర్పే టీచర్ల కోసం ఎవరెవరో పుణ్యాత్ములు ఉచితంగా పెట్టిన వర్క్‌షీట్లు, ఆటలు, వినే పాఠాలు, బొమ్మల కథలు, ఏం లేవని! ఒకరోజు మంచు బొమ్మను చేసే పాఠం తెచ్చి ఎనిమిదో తరగతికి పంచింది. పిల్లలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత ఐసు రొయ్యల పెట్టెల్లో వెయ్యకుండా బొమ్మ ఎందుకు చేశారని అడిగారు. మర్నాడు అదే షీటులో మంచు బొమ్మ తీసేసి మా ఊరి ఐసు ఫ్యాక్టరీ పెట్టాం. అవే ప్రశ్నలు, అవే ఖాళీలు. క్లాసంతా చేతులెత్తింది.

అందుకే నా దగ్గర ఉన్న ఒకే ఒక్క సలహా ఇది: ఎంత గొప్ప సైటులో దొరికిన పాఠమైనా చీర లాంటిది కాదు, జాకెట్టు గుడ్డ లాంటిది. కొలత చూసి కత్తిరించకుండా వేసుకుంటే నలుగురూ నవ్వుతారు. వినే పాఠాల్లో దొరలు రైలు పోయినట్టు మాట్లాడతారు. వేగం తగ్గించే మీట ఉంటుంది, సిగ్గుపడకుండా నొక్కండి. నేను నా కోసం కూడా నొక్కాను.

ఆ ఏడు శీతాకాలంలో అసలు సమస్య మొదలైంది. కోటలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు మా ఊరికి బస్సు వేస్తామన్నారు. మా ఎనిమిదో తరగతి తల్లిదండ్రుల్లో సగానికి పైగా, వచ్చే ఏడు పిల్లల్ని అందులో ఎక్కిస్తామని చెప్పుకోవడం మొదలుపెట్టారు. కారణం ఒకటే, అక్కడ పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడతారట. ఈ మాట అందరికంటే గట్టిగా అన్నది నాలుగు గుంటలున్న ఒక రైతు. ఇంటర్ దాకా చదివి ఆపేసిన మనిషి, ఊళ్ళో అతని మాటకు విలువుంది. అతని కూతురు మా ఎనిమిదిలోనే ఉండేది.

అంతమంది పిల్లలు పోతే ఇంగ్లీషులో ఒక పోస్టు ఎక్కువైనట్టు లెక్క. నేనెలాగూ ఆ వేసవికి రిటైరవుతాను, నా పోస్టే పోతుందిలే అనుకున్నాను. కానీ నా ఖాళీలోకి అప్పటికే ఒక సీనియర్ బదిలీకి పెట్టుకున్నాడు. కాబట్టి కదలాల్సింది ఈ అమ్మాయే. ఖాళీలున్నది జిల్లాకు ఆ చివర, ఉదయగిరి కొండల వైపు. షెల్టర్ మీద డౌన్‌లోడు మధ్యలో ఆపేసి ఆమె అడిగింది.

"అక్కా, అట్ట జరిగిందనుకో. నేనొక కాడ, ఆయనొక కాడ. పాప ఎవురి కాడ ఉండాల?"

ఓదార్పు మాటలు నాకు రావు. అప్పటి నుంచి ఆ పిల్ల పోస్టు నిలబడటం నా సొంత పని అయిపోయింది.

టీచర్లందరూ చేరి మాట్లాడుకునే సైటు ఒకటుంది. అందులో వేరే దేశాల బళ్ళతో జత కట్టే చోటు ఉంటుంది. మీ క్లాసూ మా క్లాసూ వీడియోలో కలుసుకుందామా అని టీచర్లు రాసుకుంటారు. మా అమ్మాయి, అంటే మా చిన్న టీచరు, అందులో ఒక ప్రకటన పెట్టింది. ఇంగ్లండు నుంచి ఎవరైనా పలుకుతారని నా ఆశ. వియత్నాం నుంచి పలికారు. అక్కడి సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరి బడి, ఇంగ్లీషు చెప్పే ఒక ఆడమనిషి. హెడ్మాస్టరు గారికి ఇది నచ్చలేదు.

"వాళ్ళకే రాదు గదా మేడం. రానోళ్ళతో రానోళ్ళు మాట్లాడితే వచ్చేదేంది?" అన్నారాయన.

అయినా తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి, వాళ్ళ పిల్లలు వేరే దేశంతో ఇంగ్లీషులో మాట్లాడటం చూపిస్తే బస్సు సంగతి మరిచిపోతారని మేమిద్దరం పట్టుబట్టాం. ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక మాత్రం పగ్గాలు తన చేతిలోకి తీసుకున్నారు. ఆయన దృష్టిలో అది ఇన్‌స్పెక్షన్. ఇన్‌స్పెక్షన్ అంటే ఎలా చెయ్యాలో ఆయనకు తెలిసినంత జిల్లాలో ఎవరికీ తెలియదు.

ముందుగా ప్రశ్నలు రాయించి వియత్నాం పంపించారు, అవి తప్ప వేరేవి అడగొద్దని మర్యాదగా కోరుతూ. జవాబులు వరసగా పిల్లలకు పంచి బట్టీ పట్టించారు. ఆ పైన మన బళ్ళలో తరతరాలుగా వస్తున్న ఆ విద్య కూడా నేర్పారు. మీలో పాతవాళ్ళకు తెలిసే ఉంటుంది. ఇన్‌స్పెక్టరు ప్రశ్న వెయ్యగానే క్లాసంతా చెయ్యెత్తాలి. జవాబు వచ్చినవాళ్ళు కుడిచెయ్యి, రానివాళ్ళు ఎడమచెయ్యి. టీచరు కుడిచేతుల్లోంచి ఒకరిని లేపుతుంది. ఇన్‌స్పెక్టరు, ఆహా, అందరికీ వచ్చు అని మురిసిపోయి టీ తాగి వెళ్తాడు. నా సర్వీసులో ఈ ఏర్పాటు ఒక్కసారి కూడా దెబ్బతినలేదు.

ఆ రోజు ఉదయం షెల్టర్ పైఅంతస్తులో సందడే సందడి. ఊరి చర్చిలో ఆదివారం పాటల అక్షరాలు చూపించే ప్రొజెక్టరు ఉంది. పాస్టరు గారు దాన్నీ, తెరనూ, మైకునూ ఇచ్చి, ఆయన కూడా వచ్చి కూర్చున్నారు. ఫోన్ కిటికీలో కట్టాం, సిగ్నల్ అక్కడే బాగుంటుందని. పిల్లలు ముందు వరసల్లో, తల్లిదండ్రులు పక్కన చాపల మీద. నాలుగు గుంటల రైతు మాత్రం గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ఎప్పుడు పోదామా అన్నట్టు.

తెర మీద వియత్నాం వచ్చింది. తెల్లచొక్కాల పిల్లలు, మెడలో ఎర్రగుడ్డలు, పొట్టిగా నవ్వుముఖంతో ఒక టీచరు. రెండు వైపులా చేతులూపుకున్నారు. మొదటి ప్రశ్న, మొదటి జవాబు బ్రహ్మాండం. రెండోదీ బ్రహ్మాండం. హెడ్మాస్టరు గారు మీసం దువ్వుకున్నారు.

మూడో ప్రశ్న దగ్గర సిగ్నల్ ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచింది. ఆ కాసేపట్లో వాళ్ళు మూడోది అడిగేశారు. మాకు వినపడింది నాలుగోది. మా పిల్లలకు ప్రశ్నతో పనేముంది, వరసలో మూడో జవాబు వాడు లేచి చెప్పేశాడు. అక్కడి నుంచి బండి పట్టాలు తప్పింది. పొద్దున మీరు ఏం తింటారు అని వాళ్ళడిగితే, మా వాడు ఛాతీ విరుచుకుని మా జాతీయ పక్షి నెమలి అన్నాడు. మీ నాన్న ఏం చేస్తారు అంటే, ఇడ్లీ మెత్తగా ఉండును అంది ఇంకో పిల్ల. తల్లులు చప్పట్లు కొడుతున్నారు. ఇంటర్ దాకా చదివిన రైతు మాత్రం కొట్టలేదు. పక్కనున్న మనిషితో, "ఈ మాత్రం దానికా మనల్ని పిలిచింది? నెమిలిని తింటామని చెప్పినారబ్బా వాళ్ళకి" అన్నాడు. ఆ మాట చాపల మీద ఆ చివర నుంచి ఈ చివరకి పాకింది. మా అమ్మాయి ముఖంలో రక్తం లేదు.

వియత్నాం టీచరు వింటూ వింటూ చేతిలో కాగితం కింద పెట్టేసింది. మా క్లాసంతా అలవాటు ప్రకారం చేతులెత్తి కూర్చుని ఉంది. ఆమె తెరకు దగ్గరగా వచ్చి, పసుపు రిబ్బన్ల అమ్మాయిని లేవమంది. పసుపు రిబ్బన్ల అమ్మాయి ఎత్తింది ఎడమచెయ్యి. అది నాలుగు గుంటల రైతు కూతురు. బట్టీ అంటే ఆ పిల్లకు ఒళ్ళుమంట, నెల రోజులు చెప్పినా ఒక్క ముక్క పట్టలేదు. లేపే అధికారం మనదే అనుకున్నాం కానీ, అవతల ఒక టీచరు ఉంటుందని మాకు తట్టలేదు. హెడ్మాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు.

పిల్ల లేచి నిలబడింది. అటునుంచి టీచరు నెమ్మదిగా అడిగింది, మీ దగ్గర ఏదో చప్పుడు వస్తోంది, అదేమిటి అని. చర్చి మైకు సామాన్యమైంది కాదు, ఊరినంతా మింగి అటు పంపుతోంది.

మా పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఏం చప్పుడు? వాళ్ళకు వినపడితే కదా. పసుపు రిబ్బన్ల పిల్ల చెవి కిటికీ వైపు పెట్టింది. ముఖం విప్పారింది.

"ప్రాన్ ఫ్యాన్, మిస్. వాటర్... ఇట్ట," అని రెండు చేతులూ గిరగిరా తిప్పింది. "నో ఫ్యాన్, నో ఎయిర్. ప్రాన్ డై."

తెరలో పిల్లలందరూ ఒక్కసారి గోల పెట్టారు. ఒకడు పరుగెత్తి వెళ్ళి వాళ్ళ క్లాసు కిటికీ రెక్కలు బార్లా తీశాడు. షెల్టర్ హాలు నిండా, పాస్టరు గారి స్పీకర్లలోంచి, అదే చప్పుడు. మా ఊరి ఏరియేటర్ల చప్పుడే, వియత్నాం నుంచి.

చాపల మీద జనం లేచి నిలబడ్డారు. గోడకు ఆనుకున్న రైతు నాలుగడుగులు ముందుకు వచ్చాడు. ఇక ఆ తర్వాత ఎవరు ఎవరిని లేపారో, ఎవరు ఏ చెయ్యి ఎత్తారో నాకు గుర్తులేదు. మీకూ వనామి రకం రొయ్యేనా అని ఒకరు, కరెంటు పోతే ఏం చేస్తారని ఇంకొకరు. మాటలకు తలా తోకా లేదు, అయినా అన్నీ చేరాల్సిన చోటికి చేరుతున్నాయి. రైతు తన కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.

"పాపా, వైట్ స్పాట్ వస్తే వాళ్ళేం చేస్తారో అడుగు."

వైట్ స్పాట్ అంటే రొయ్యకు వచ్చే తెల్లమచ్చ రోగం. వచ్చిందంటే గుంట గుంటంతా ఊడ్చుకుపోతుంది. రెండేళ్ళ కిందట అతని నాలుగు గుంటలూ అలాగే పోయాయి.

"వైట్ స్పాట్ కమ్. వాట్ యువర్ ఫాదర్ డూ?" అని అడిగింది పిల్ల.

కిటికీ తెరిచిన పిల్లవాడు లేచాడు. మాటలు వెతుక్కున్నాడు. "హీ క్రై," అన్నాడు.

ఆ రెండు మాటలూ చాపల మీద చాలామందికి అర్థమయ్యాయి. రైతుకూ అర్థమయ్యే ఉంటుంది. అయినా కూతుర్ని అడిగాడు.

"ఏమన్నాడు?"

"వాళ్ళ నాయన ఏడుస్తాడంట నాయనా."

అవతలి పిల్లవాడు ఇంకా చెబుతూనే ఉన్నాడు, తర్వాత గుంట ఎండబెడతారని, సున్నం చల్లుతారని, చాలా రోజులాగి మళ్ళీ రొయ్య పిల్లను వదులుతారని. పసుపు రిబ్బన్ల పిల్ల ఒక్కొక్క ముక్కా తండ్రికి తెలుగులో అందిస్తోంది. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి ఫోన్లో ఆ రోజు డేటా అయిపోయింది. వియత్నాం మాయమై, తెర మీద చర్చి వాళ్ళ పాట మొదటి చరణం ప్రత్యక్షమైంది.

జనం మెట్లు దిగి వెళ్ళిపోయారు. బాగుందని గానీ బాగాలేదని గానీ ఒక్కరూ అనలేదు. రైతు మాతో మాట్లాడకుండానే బండెక్కాడు. హెడ్మాస్టరు గారు వైర్లు చుడుతూ, నెల రోజుల కష్టం గంగలో కలిసిందన్నారు. ఒక్క వాక్యం కూడా వ్యాకరణంలో లేదన్నారు. అది నిజమే. మా అమ్మాయి మూలన కూర్చుని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని చర్చి వాళ్ళ పాట చదువుకున్నాను. చెప్పానుగా, ఓదార్చడం నాకు రాదు.

సాయంత్రం వియత్నాం టీచరు నుంచి మెసేజి వచ్చింది. వాళ్ళ దగ్గర కూడా ఇన్‌స్పెక్షన్లు ఉంటాయట. అక్కడ జవాబు వచ్చినవాళ్ళు అరచెయ్యి చాపుతారట, రానివాళ్ళు పిడికిలి బిగిస్తారట. మీ ఎడమచేతులు చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది, అందుకే బట్టీ పట్టని పిల్లను లేపాను, కోపం తెచ్చుకోకండి అని రాసింది. నేను పడీపడీ నవ్వాను. ఆ మెసేజి హెడ్మాస్టరు గారికి చూపిస్తే చాలాసేపు చదివి, అంతా ఆ తానులో ముక్కలేనన్నమాట అన్నారు. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను.

వేసవిలో నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు, గడియారం ఇచ్చారు. పొగుడుతుంటే ఎవరి గురించో చెబుతున్నట్టు కూర్చుని విన్నాను. మా అమ్మాయి సెలవులన్నీ దిగులుతోనే గడిపింది. బస్సు సంగతి తేలేది బళ్ళు తెరిచిన రోజునే.

ఆ రోజు నాకు అక్కడ ఏ పనీ లేదు. అయినా పొద్దున్నే కోవూరులో బస్సెక్కి వెళ్ళి, బడి వరండాలో నిలబడ్డాను. ప్రైవేటు స్కూలు బస్సు రోడ్డు మీదికి వచ్చింది, హారను కొట్టింది. కొందరు ఎక్కారు. అబద్ధం చెప్పను, మేం పోరనుకున్న పిల్లలు ఇద్దరు కూడా ఎక్కారు. మా అమ్మాయి వాళ్ళని చూడలేక లోపలికి వెళ్ళిపోయింది. బస్సు ఇంకాసేపు ఆగి, మరొక్క హారను కొట్టి, సగం ఖాళీగా వెళ్ళిపోయింది. తర్వాత వీధుల్లోంచి మామూలుగా, రోజూ వచ్చినట్టే, మా పిల్లలు రావడం మొదలుపెట్టారు. రైతు మోటారు సైకిలు మీద కూతుర్ని దించి, తను కూడా దిగాడు. నాకు నమస్కారం పెట్టి, లోపల ఉన్న మా అమ్మాయిని గుమ్మంలోంచే అడిగాడు.

"మేడం, ఆ వియత్నామోళ్ళతో మళ్ళా ఎప్పుడు? ఈ తూరి నేను అడగాల్సినవి శానా ఉండాయి. మా పాప ఈడుంటేనే గదా అడిగి చెప్పేది."

మా అమ్మాయి లోపలికి రమ్మని చేత్తో సైగ చేసింది. అతను చెప్పులు గుమ్మం బయట విడిచి, చివరి బెంచీలో మోకాళ్ళు పట్టక అడ్డంగా తిరిగి కూర్చుని, తన ప్రశ్నలు ఒక్కొక్కటే తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. క్లాసంతా లేచి వాటికి ఇంగ్లీషు అరుస్తోంది. ఆమె సుద్దముక్క పట్టుకుని, మెల్లగా, మెల్లగా, ఒకరి తర్వాత ఒకరు అంటోంది. ఆమె ఎక్కడికీ పోదు. వరండాలో నిలబడి నేను ఏడ్చాను, శాలువా కప్పిన రోజున రాని ఏడుపు.